అంతా బాగుందమ్మా

మార్చి 3
గుండె వార్డులో మామూలు నర్సు పనికి తోడు ఇవాళ్టి నుంచి నాకు రీసెర్చ్ డ్యూటీ. కొత్త బీపీ మందు వేసుకోవడానికి ఒప్పుకున్న పేషెంట్లను రోజూ ప్రశ్నలడిగి, జవాబులు టాబ్‌లో ఎక్కించాలి. కిటికీ పక్క మంచం టైలర్ తాతగారు అందరికంటే ముందు ఒప్పుకున్నారు. డాక్టర్ విడమరిచి చెబుతుంటే సగంలోనే ఆపేశారు. మనవరాలిలాంటి పిల్ల అడిగింది, అది చాలన్నారు. సంతోషించాల్సిన మాటే. నాకు మాత్రం నచ్చలేదు.

మార్చి 6
ఇదివరకు నన్ను చూస్తే తాతగారి నోరు ఊరుకునేది కాదు. నా యూనిఫాం భుజం కుట్టు వంకరని వెక్కిరించేవారు. ఇప్పుడు టాబ్ తెరవగానే బడిపిల్లాడిలా నిటారుగా కూర్చుంటున్నారు. తల తిరుగుతోందా? లేదు. నీరసం? లేదు. అంతా బాగుందమ్మా. గ్లాసు ఎత్తుతుంటే చెయ్యి వణికింది. అడిగితే చలి అన్నారు. వార్డంతా ఉక్కపోత.

మార్చి 7
ఆయన అబద్ధమాడుతున్నారు. ఎందుకో తెలియడం లేదు.

మార్చి 8
మెట్ల దగ్గర ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. లేచి నిలబడితే ఆయనకు కళ్లు చీకట్లు కమ్ముతున్నాయట. నిన్న గోడ పట్టుకుని ఆగారట. నాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారట. మందు పడలేదంటే ఆ పిల్లకు మాటొస్తుంది, ఉద్యోగం పోతుందేమోనని.
వార్డులోకి పరుగెత్తాను. నిలబెట్టి చూస్తే బీపీ దారుణంగా పడిపోయింది. పడుకోబెట్టి, డోస్ ఆపి, రీసెర్చ్ డాక్టర్‌ని పిలిచాను. తిడతారనుకున్నాను. డాక్టర్ ముఖం పాలిపోయింది.
“మిగతావాళ్లు నీకు నిజమే చెబుతున్నారా సిస్టర్?”
టాబ్‌లో పాత జవాబులన్నీ మొదటి నుంచి తిరగేశాను.

మార్చి 9
టాబ్ లేకుండా మంచం మంచానికీ వెళ్లాను. అందరూ బాగుందన్నారు. నవ్వుతూనే అన్నారు. ఒక్క నవ్వునూ నమ్మలేకపోయాను.
తాతగారు కుదుటపడుతున్నారు. ఇంకేమైనా బాధ ఉందా అని అడిగాను. నా చేతుల్లో టాబ్ ఉందేమోనని చూశారు.
“నువ్వు అడుగుతున్నావా తల్లీ, వాళ్లు అడగమన్నారా?”
నేనే అడుగుతున్నానన్నాను. దుప్పటి తొలగించారు. తుంటి నుంచి మోకాలి దాకా నల్లగా కమిలిపోయింది. బాత్రూంలో పడ్డారట. భార్యకు కూడా చెప్పలేదట.

మార్చి 10
పక్క మంచం ఆయన, నిన్న అందరికంటే ఎక్కువ నవ్వినాయన, మెల్లగా పిలిచాడు.
“నన్నూ అలాగే అడుగమ్మా.”