భుజంతో తుడుచుకున్న కళ్ళు

మార్చి 11, మంగళవారం

ఈ రోజు మిర్చి యార్డంతా మా పెద్దమ్మదే.

మధ్యాహ్నం అన్నాల వేళ, తొడిమలు తీసే ఆడవాళ్ళకి నా ఫోన్లో ఆ పాత టీవీ సీరియల్ పెట్టాను. పెద్దమ్మ అందులో మూడుసార్లు గెస్ట్‌గా వచ్చింది, మూడుసార్లూ వేరే మనిషిగా. మంత్రసాని, మునసబు గారి భార్య, చివరికి మిరపకాయల కూలిమనిషి. ఒక్కోటి ఐదు నిమిషాలు కూడా ఉండదు, మూడూ వరసగా చూపించాను. ఆవిడెవరో ముందు చెప్పలేదు నేను.

కూలిమనిషి ఏడ్చే సీను రాగానే మస్తానమ్మ ముద్ద చేతిలోనే ఆపేసింది. "చూశారా! చేత్తో కాదు, భుజంతో తుడుచుకుంది కళ్ళు. ఈవిడ కాయల్లో పనిచేసిన మనిషేనే!"

"మా పెద్దమ్మ," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"పేరేదే?" అని టైటిల్స్ వెనక్కి జరిపి చూశారు. లేదు. మిగతా రెండు ఎపిసోడ్ల టైటిల్స్‌లోనూ లేదని నాకు తెలుసు. అది మాత్రం ఇప్పటికీ కలుక్కుమంటోంది.

సాయంత్రం చెబితే పెద్దమ్మ నవ్వింది. "డైరెక్టర్ గారు చేత్తో తుడుచుకోమన్నారే. కారం చేతులండీ, కళ్ళు మండిపోతాయండీ అన్నాను. అక్కడున్నవి కాగితం కాయలే అనుకో!"

పేరు సంగతి నేను ఎత్తలేదు. తనే అడిగింది. "మిగతా రెండు వేషాలూ నేనేనని గుర్తుపట్టారా?"

"లేదు పెద్దమ్మా," అన్నాను, తప్పు నాదైనట్టు.

"ఒక్కరు కూడానా?"

"ఒక్కరు కూడా."

"అద్దీ!" అని పందెం గెలిచినదానిలా తొడ చరిచింది.

ఆ ఇద్దరూ కూడా పెద్దమ్మేనని రేపు మస్తానమ్మకి చెప్పాలనుకున్నాను. ఇప్పుడు చెప్పబుద్ధి కావడం లేదు...