రెండోది ఎవరికి దాచారు?

చిరంజీవి కిలకిలకి,

నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. అమ్మ మోకాలు మెట్లెక్కేటప్పుడు తప్ప చెప్పిన మాట వింటోంది. నా చెవులు ఇంకా నాతోనే ఉన్నాయి. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాసే వాక్యం ఒకటుంటుంది కదా, దాన్ని ఈసారి రాయకుండా అట్టిపెట్టుకున్నాను. ఈ ఉత్తరం ఇంటికి కాకుండా నీ కళ్లద్దాల షాపుకి ఎందుకొచ్చిందో కూడా కింద చెబుతాను. నువ్వు అందరి చూపూ పరీక్ష చేసే ఆ చిన్న గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని చదువు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. కళ్లద్దాలు మార్చావా అని అడిగావు. మార్చలేదు. ఒక కాడ వదులైపోయి, తల వంచితే టీ కప్పులో పడుతున్నాయి. "ముక్కు మీద నిలబడని కళ్లద్దాలు, మాట మీద నిలబడని మనిషి, రెండూ నా నెత్తినే పడ్డాయి" అని అమ్మ రోజూ సాధిస్తోంది. బాల్కనీలో నువ్వు పెట్టిన మొక్క బతికే ఉంది. దానికి నీళ్లు పోసేది నేనే అయినా పేరు మాత్రం అమ్మకే వస్తోంది.

రిటైరైనవాడికి మళ్లీ స్టూడియోలో ఏం పని అని కూడా అడిగావు. నేను సౌండ్ పని చేసిన మన సీరియల్‌ని మళ్లీ వేస్తున్నారట. ఈసారి ఫోన్లలో చూసుకునేలా. పాత టేపుల్లో శబ్దం బొంగురుపోయింది, శుభ్రం చెయ్యాలి, ఏ టేపులో ఏముందో తెలిసినవాడు మీరొక్కరే మిగిలారు, రమ్మన్నారు. నేను ఎగిరి గంతేశాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను కూడా.

అక్కడ నాకు జోడీగా ఒక సౌండ్ ఇంజనీరుని ఇచ్చారు. నీకంటే చిన్నది. అన్నం తినేటప్పుడు కూడా మెడలో హెడ్‌ఫోన్లు ఉంటాయి. నేను చెవులమ్మాయి అని పేరు పెట్టాను, పలుకుతోంది. మొదటి రోజు మొదటి టేపు వేశాం. నీకు తెలిసిందే. మొగుడు చెయ్యెత్తి "ఇస్తా ఒకటి!" అంటాడు. పెళ్లాం నడుం మీద చెయ్యి పెట్టుకుని "ఒకటేనా? రెండోది ఎవరికి దాచారు?" అంటుంది. కెమెరా కిటికీ వైపు తిరిగిపోతుంది, షూటింగు చూస్తున్న హాలంతా గొల్లున నవ్వుతుంది. నేను తొడ చరుచుకుని నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు.

"పాత జోకు కదమ్మా, మెల్లగా ఎక్కుతుందిలే" అన్నాను.

"ఎక్కింది సార్. అందుకే నవ్వు రావట్లేదు" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీ తరానికి అన్నీ గుచ్చుకుంటాయి, దువ్వెన కూడా గుచ్చుకుంటుంది, మా రోజుల్లో ఇళ్లలో ఉన్న ఒక్క టీవీ ముందు తాతల నుంచి మనవల దాకా కూర్చుని నవ్వారు, వాళ్లంతా చెడ్డవాళ్లా అని దులిపేశాను. "చెడ్డవాళ్లని నేనన్లేదు సార్. ఆవిడకి దెబ్బ తగిలిందా లేదా అని అడుగుతున్నానంతే" అంది. అదేం ప్రశ్న అన్నాను. దెబ్బ తగలడమేమిటి, అది హాస్యం.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పుకుని వాపోయాను. అమ్మ బట్టలు మడతపెడుతూ "ఇప్పుడేంటి, అప్పుడు నవ్విన నవ్వు వెనక్కి తీసుకోవాలా మనం?" అంది. ఇంకో చొక్కా అందుకుంటూ, "ఆ పిల్ల అడిగింది మాత్రం తప్పేం కాదు" అని కూడా అంది. మన ఇంట్లో ఆ మాట తిరగని రోజుందా చెప్పు. నేను కాఫీ అడిగితే అమ్మ "ఇస్తా ఒకటి" అనేది. నువ్వు స్కూలు సంచి సోఫాలో పడేస్తూ "రెండోది ఎవరికి దాచావు?" అని అరిచేదానివి. బిస్కెట్ ఇచ్చినా, ముద్దు ఇచ్చినా అదే మాట. మన ముగ్గురికీ అది ముద్దు మాట. అందులో చెయ్యి ఉందన్న సంగతే మనం మర్చిపోయాం.

మర్నాడు చెవులమ్మాయి, "సార్, నవ్వు వేరే ట్రాక్‌లో ఉంది కదా, ఒక్కసారి అది తీసేసి వినిపిస్తాను" అంది. వినిపించు, నాకేం భయమా అన్నాను.

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. ఆవిడ గుటక మింగింది. నేనా సీరియల్‌కి అన్నేళ్లు పనిచేశానా, ఆ గుటక ఎప్పుడూ వినలేదు. తర్వాత "ఒకటేనా?" అంది. ఎదురుగా ఎవరూ నవ్వకపోతే అది ఎకసెక్కం కాదమ్మా, బతిమాలడం. ఆ తర్వాత నవ్వు కోసం మేం వదిలిన ఖాళీ. ఆ ఖాళీలో ఇద్దరు మనుషులు ఒక గదిలో ఊపిరి తీసుకుంటున్నారు, అంతే. నేను ఏసీ తగ్గించమన్నాను.

ఆ పిల్ల ఊరుకోకుండా ఇప్పుడు మాటలు తీసేసి, నవ్వు ఒక్కటే వేసింది. "ఈ చిన్నపాప ఎవరు సార్? ఆయన చెయ్యెత్తిన ప్రతిసారీ ఈ పాపే నవ్వుతోంది" అంది.

నువ్వేనమ్మా. షూటింగు రోజు ముందు వరసలో అమ్మ ఒళ్లో కూర్చుని నవ్వావు, కిలకిలా, మధ్యలో ఎక్కిళ్లతో. కిలకిల అని నీకు పేరొచ్చింది ఆ రోజే. ఆ నవ్వు డైరెక్టరుకి తెగ నచ్చేసింది. "చెయ్యి లేచినచోటల్లా ఈ పిల్ల నవ్వు వెయ్యండి, ఇక చూసేవాళ్లకి భయం వెయ్యదు" అన్నాడు. వేశాను. మంచి పనివాణ్ణి కదా, అతుకు తెలియకుండా వేశాను. చెవులమ్మాయికి "మా అమ్మాయే" అని చెప్పకుండా టేపు మార్చమన్నాను.

పోయిన ఉత్తరంలో నువ్వొక ప్రశ్న అడిగావు. "నాన్నా, ఆ తలుపు ఎపిసోడ్ చివర్లో ఆవిడ బయటికి ఎలా వస్తుంది? ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు, హహహ" అని. ఆవిడ స్నానాల గదిలో గడియ పెట్టుకుంటుంది, అతను బయట కుర్చీ వేసుకుని కూర్చుని పాట పాడుతుంటాడు, అదే కదా. నీ కోసం ఆ టేపు వెతికి వేయించాను. నవ్వు తీసేసి విన్నాను. పాట ఆగినప్పుడల్లా గడియ కదులుతుంది. చివర్లో ఆవిడ బయటికి రాదు తల్లీ. నవ్వు మీద పేర్లు పడిపోతాయి. తర్వాతి వారం ఎపిసోడ్ మొదలయ్యేసరికి కాఫీ కలుపుతూ ఉంటుంది. ఆవిడ బయటికి రావడం మేం అసలు తియ్యలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్లీ తీశాను. ప్రతి వాక్యం చివరా హహహ అని రాస్తావు కదా. వాటి మీద బొటనవేలు పెట్టి మూస్తూ చదివాను. "నిన్న ఆయన పళ్లెం గోడకేసి కొట్టారు." "చెయ్యి కొంచెం బెణికింది, రాత వంకరగా ఉంటే ఏమీ అనుకోకు." "సాయంత్రం షాపు నుంచి ఆలస్యమైతే మన సీరియలే ఇంట్లో." నవ్వు తీసేస్తే నీ ఉత్తరంలో మిగిలింది ఇది.

ఇంకో సంగతి కూడా అప్పుడే చూశాను. కవర్ మీద చిరునామా నీ రాత కాదు, అల్లుడుగారిది. వెనక్కి వెళ్లి పాత కవర్లు చూశాను. కొన్నాళ్లుగా అన్నీ అంతే. నీ ఉత్తరాలు అతని చేతుల్లోంచి వస్తున్నాయి. నావి కూడా అతని చేతుల్లోంచే నీకు అందుతున్నాయేమో. అందుకే ఇది షాపుకి పంపాను. చదివాక ఇంటికి మాత్రం తీసుకెళ్లకు.

ఇక ఇది చెప్పకుండా ఉండలేను. పోయిన ఆదివారం నీకు ఫోన్ చేశాను, గుర్తుందా. టేపు విన్న తర్వాతే, నీ ఉత్తరం బొటనవేలితో చదివిన తర్వాతే చేశాను. ఎలా ఉన్నావని గట్టిగా అడగాలని చేశాను. అతను ఎత్తాడు. స్పీకర్ పెట్టాడు. "మీ అమ్మాయి ఈమధ్య బొత్తిగా మాట వినట్లేదండీ, ఒకటి ఇమ్మంటారా?" అన్నాడు. నేను ఏమన్నానో నీకు తెలుసు, నువ్వు పక్కనే ఉన్నావు. "ఒకటేనా?" అన్నాను. అని నవ్వాను కూడా. అలవాటుగా నోరు జారిందని చెప్పుకుందామనుకున్నాను కానీ అది అబద్ధం. భయమేసి నవ్వాను. అతనికి కోపం వస్తే ఫోన్ పెట్టేశాక నీకేమవుతుందోనని భయమేసి నవ్వాను. నువ్వూ నవ్వావు.

నేను నవ్వులు అతికించి బతికినవాణ్ణి తల్లీ. నిజం నవ్వు మాట పూర్తయ్యాక, ఒక ఊపిరి ఆగి వస్తుంది. అతికించిన నవ్వు తొందరపడి ముందే వచ్చేస్తుంది. నా మాట పూర్తి కాకముందే నీ నవ్వు వచ్చింది. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. వీధిలో ఎవరింట్లో తలుపు వేసిన చప్పుడైనా ఉలిక్కిపడుతున్నాను.

నిన్న అమ్మకి అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. లేచి నీ గదిలోకి వెళ్లి, ఇన్నాళ్లూ నీ మంచం మీద గుట్టపోసిన బట్టలన్నీ తీసేసి, కొత్త దుప్పటి పరిచింది.

బుధవారం మీ షాపు తెరిచే వేళకి వస్తున్నాను. అల్లుడుగారికి చెప్పొద్దు. ఎవరైనా అడిగితే, కళ్లద్దాలు టీకప్పులో పడుతున్నాయని నాన్న మార్పించుకోవడానికి వచ్చాడని చెప్పు, అది నిజమే కాబట్టి నువ్వు తడబడక్కర్లేదు. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఆ బరువైన ఫ్రేము పెట్టు. అందరినీ అడిగినట్టే అద్దాలు మారుస్తూ "ఒకటి బాగుందా, రెండోది బాగుందా?" అని అడుగు. నేను "రెండోది ఎవరికి దాచావమ్మా?" అంటాను.

నా భయం ఒట్టిదైతే నీకు నవ్వొస్తుంది. ఒక ఊపిరి ఆగి వస్తుంది, నాకు తెలిసిపోతుంది. అప్పుడు ఈ ముసలాడి చాదస్తాన్ని జీవితాంతం వెక్కిరించుకో, పడతాను. నవ్వు రాకపోతే మాత్రం నవ్వకు. నా కోసం కూడా నవ్వకు. నువ్వేమీ చెప్పక్కర్లేదు, ఏదీ రుజువు చెయ్యక్కర్లేదు. నా ముక్కు మీద ఫ్రేము తీసేసి, నీ చేతిసంచి తీసుకో. తలుపు దాకా నేను ముందు నడుస్తాను.

ఇట్లు,
నువ్వు నవ్వకపోయినా వినపడేంత దగ్గరికి వస్తున్న
నాన్న