పండుగకు ముందే వేసిన సున్నం

అమ్మా సునీతా,

నీవు పోయిన ఏడాదికి, ఐర్లండ్‌లోని ఒక ఆసుపత్రిలో అల్లుడుగారికి మీరిద్దరూ అనుకున్న ఉద్యోగం ఖాయమైంది. కాపురం మార్చే ముందు ఒకసారి వెళ్లి అన్నీ చూసి రావాలని నీవు రాసిపెట్టిన జాబితాను ఆయన బయటకు తీశారు. అందులో ‘పాప బడి’ అన్నచోట ‘నాన్నగారు చూసి సరే అనాలి’ అని ఉంది. అందుచేత నేనూ వెళుతున్నాను.

టిక్కెట్లు కొన్న తరువాత తెలిసింది, మేము అక్కడ ఉండే పది రోజులలోనే, అందరూ తమవారి సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగ వస్తుందని. “తప్పయిపోయిందండీ మావయ్యగారూ, మార్పించేస్తానండీ” అన్నారు ఆయన. వద్దన్నాను.

ఈ ఉదయం రాజోలు సమాధుల తోటకు వెళ్లి నీ సమాధికి సున్నం వేశాను. చుట్టూ మరే సమాధీ ఇంకా తెల్లబడలేదు. నీ కూతురు కొవ్వొత్తి వెలిగించి, “అందరూ వచ్చే రోజున మనం రాలేదని అమ్మ అనుకోదాండీ తాతయ్యా?” అని అడిగింది.

“బడి చూసి రమ్మన్నది మీ అమ్మేనమ్మా.”

“ఆయ్” అని తలూపి, కొవ్వొత్తికి గాలి తగలకుండా చేయి అడ్డుపెట్టింది.

ఆ బడి బాగుంటే నీ కూతురు వెళ్లిపోతుంది. వచ్చే పండుగకు కొవ్వొత్తి కూడా నేనే వెలిగించాలి. అయినా, బాగుంటే బాగుందనే చెబుతాను తల్లీ. నా తరగతిలో కూర్చున్న నీకైనా ఏనాడూ అరమార్కు కలపలేదు కదా.

నాన్న