వంకర టోపీ

మంగళవారం, రాత్రి

కండరాల వాపు జబ్బు ఎంత తగ్గిందో చూడటానికి, పొద్దున దవాఖానలో డాక్టర్ మా ఆయనను చేతులు తలపైకి ఎత్తమన్నాడు. భుజం దాటలేదు. "పోయినసారి లెక్కనే ఉందమ్మా" అన్నాడు.

మధ్యాహ్నం పక్క క్వార్టర్ శ్రీను బొగ్గు గనిలో డ్యూటీకి పోతూ పలకరించడానికి ఆగాడు. మా ఆయన కంటే జానెడు ఎక్కువే పొడుగు మనిషి.

"టోపీ గిట్ల వంకర పెట్టుకొని బాయిల దిగుతవారా?" అంటూ మా ఆయన రెండు చేతులూ ఎత్తి దాన్ని సరిచేశాడు.

ఎత్తిన సంగతి ఆయనకే తెలియదు. శ్రీనుకు తెలిసింది. షిఫ్టుకు ఆలస్యమవుతున్నా కదలకుండా, "ఇంకొంచెం వంకరుంది కాకా" అన్నాడు. నేను ఆ చేతులనే చూస్తుండిపోయాను. నమ్మాలంటే భయం.

వచ్చే నెల దవాఖానకు శ్రీనును కూడా తీసుకుపోవాలేమో, టోపీ వంకరగా పెట్టించి…