చింపని ట్యాగు

ఒరేయ్ యాదిగా,

విమాన ప్రయాణికులందరికీ తెలియజేయునది ఏమనగా, ఇంటికి చేరంగనే పెట్టెకున్న పాత ట్యాగు చింపవలెను. లేనిచో మనిషి ఒక ఊరికి, పెట్టె ఒక ఊరికి పోవును.

ఈ శాసనం నీదే. కొత్తగూడల మన క్యాబులెక్కిన ప్రతి సాఫ్ట్‌వేరాయనకు ఇద్దరం చెప్పినం. విమానం ఎక్కిన మొగాలమా మనం? ఎక్కితే ఇద్దరం కలిసే ఎక్కాలె అని ఒట్టేసుకున్నం గద.

నువ్వు పోయి ఇయ్యాలకు ఏడాది. గోవా పోతున్న అంటే వదిన నీ పెట్టె ఇచ్చింది. పిడికి ట్యాగు వేలాడుతున్నది, దాని మీద నీ పేరు.

"ఇదేంది వదినా?"

"మేమిద్దరం షిర్డీకి విమానంల పోయొచ్చినం, అన్నా. నీకు తెలిస్తే పరేషాన్ అయితవని చెప్పొద్దన్నడు."

దగాకోరు! లోకానికంత చెప్పి నీది చింపుడు మర్చినవ్.

నేను గూడ నువ్వు లేకుండనే ఎక్కిన తియ్. కిటికీ సీటు. పైకెల్లి మన గోపన్‌పల్లి అగ్గిపెట్టె లెక్క కనవడ్డది.

కిటికీ సీటు ముచ్చట అబద్ధం రా. ఎయిర్‌పోర్ట్ గేటు దాకా పోయి, కొండాపూర్ సవారీ ఒకాయనను ఎక్కించుకొని వాపస్ వచ్చిన. ఒట్టు ఒక్కడన్న నిలబెట్టుకోవాలె గద. దారిల ఆయనకు ట్యాగు చింపమని చెప్పిన. నీది మాత్రం చింపలే.