లోడు వద్దన్న రోజు

5-8-2002, సోమవారం

ఇకమీదట మా అబ్బాయి వెంకట్ వద్దన్న రోజు వాడికి లోడు లేదు! లారీల కంపెనీ ఒప్పుకుంది! గుడివాడ నుంచి వాడే ఫోన్ చేసి చెప్పాడు. సంతోషం పట్టలేక ఎస్టీడీ బూత్ వీరాంజనేయులికి అక్కడికక్కడే టీ ఇప్పించాను.

లారీ మావాడిదే. ఆర్‌సీ బుక్కులో పేరూ మావాడిదే. కాని కంపెనీకి ఎటాచ్ చేశాక పెత్తనమంతా వాళ్ళది. హౌరాకి చేపల లోడు ఉందంటే అన్నం ముందు నుంచి లేచి వెళ్ళాలి. ఒక్కసారి కుదరదంటే పది రోజులు బండిని ఖాళీగా నిలబెట్టేవాళ్ళు. నేను వేటకెళ్ళిన రోజుల్లో సముద్రం కూడా ఇంత ఏడిపించలేదు. పోటెప్పుడో పాటెప్పుడో ముందే తెలిసేది.

కొత్త మేనేజరు మధుసూదనరావు గారు దేవుడు. సొంత బండి వాళ్ళు ఏ రోజు రాలేరో వారం ముందు చెబితే ఆ రోజు పిలవరట. బోర్డు మీద రాసేస్తారట.

పెద్ద మనవరాలు హారిక బారసాలకి వెంకట్ లేడు. బాలాసోర్ దగ్గర టైరు పగిలి ఆగిపోయాడు. తండ్రి రాయాల్సిన పేరు బియ్యంలో నేను రాశాను. నాది ఐదో తరగతి చదువు. దీర్ఘం వంకరపోయింది. ఆరేళ్ళయినా వాడికి ఆ బాధ పోలేదు. ఇప్పుడు కోడలు గాయత్రికి మళ్ళీ నెలలు నిండాయి. ఈసారి వాడే రాయాలి. రాస్తాడు!

9-8-2002, శుక్రవారం

ఆడపిల్ల! తెల్లవారుజామున నాలుగింటికి, బందరు ఆసుపత్రిలో. తల్లీపిల్లా క్షేమం. మహాలక్ష్మి! వెంకట్ ఖరగ్‌పూర్ దాటాడట.

10-8-2002

వేళ్ళ మీద లెక్కపెట్టాను. బారసాల తొమ్మిదో తేదీ నుంచి ఇరవై ఒకటో రోజు, అంటే ఇరవైతొమ్మిది, గురువారం. వెంకట్ వచ్చేదాకా ఆగలేక నేనే బస్సెక్కి గుడివాడ వెళ్ళాను. గుమస్తా రాజారత్నం నా ఎదుటే బోర్డు మీద రాశాడు. వెంకటరమణ, 29, లోడు వద్దు. రెండుసార్లు చదివించుకున్నాను. పెద్దాయనా, అదేం చెరిగిపోదులే, కూర్చో అని నవ్వాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్క సీటాయనకి కూడా చెప్పాను. ఆయనెవరో తెలీదు.

17-8-2002

కాలు ఒకచోట నిలవడం లేదు. వెంకట్ వచ్చాడు, పాపని ఎత్తుకున్నాడు, ఒక్క పూట ఉండి వెళ్ళాడు. ఏం పేరు అనుకున్నావురా అంటే, రాసేటప్పుడు చూద్దురుగాని అంటాడు.

24-8-2002, శనివారం

కొంప మునిగింది.

మా ఆవిడ సత్యవతమ్మ భీమశంకరం పంతులు గారి దగ్గరికి వెళ్ళొచ్చింది. పాప పుట్టింది సూర్యోదయానికి ముందు కాబట్టి పంచాంగం ప్రకారం అది గురువారమేనట. లెక్క ఎనిమిది నుంచట. ఇరవై ఒకటో రోజు ఇరవై ఎనిమిదేనట! నలభై ఏళ్ళు చీకటితో వేటకెళ్ళినవాడివి, తెల్లారితేనే రోజు మారుతుందని తెలీదా, ఆసుపత్రి చీటీ చూసి లెక్కపెడతావా అని దులిపేసింది.

గుడివాడ ఆఫీసుకి పరుగెత్తాను. వెంకట్ పొద్దున్నే లోడుతో వెళ్ళిపోయాడు. మీరడిగిన రోజే ఇచ్చాం కదండీ, బండి తుని దాటేసుంటుంది, రెక్కలు కట్టి రప్పించమంటారా అన్నారు మధుసూదనరావు గారు. ఆయన్నేమనను? తేదీ ఇచ్చింది నేను.

25-8-2002

చుట్టాలందరికీ ఇరవైతొమ్మిది అని చెప్పి ఉన్నాను. పంతులు గారి మాట కాదనలేక ఇవాళ ఆటోల్లో తిరిగి ఇరవై ఎనిమిది అని చెప్పొచ్చాను. నవ్వేవాళ్ళు నవ్వారు.

26-8-2002, సాయంత్రం ఆరు

హౌరా నుంచి వెంకట్ ఫోన్. సంగతి చెప్పాను. ఎంత తోలినా ఇరవైతొమ్మిది తెల్లారేసరికి గాని రాలేను నాన్నా, మీరే కానివ్వండి అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

ఇంట్లో చెప్పాను. గాయత్రి పాపని జోకొడుతూ తలెత్తకుండానే అంది. మావయ్యా, మీరు రాస్తే నాకేం బాధ లేదు, కాని బుధవారం నేను పీట మీద కూర్చోను, ఊరంతా వచ్చి నిలబడినా కూర్చోను. ఇన్నేళ్ళకి ఆయనకంటూ ఒక రోజు ఇచ్చారు, ఆ రోజు కూడా మనమే లాక్కుందామా అంది.

సత్యవతమ్మ నా వైపు తిరిగి, ఏంటలా చూస్తావు, చెప్పులేసుకో అంది.

27-8-2002

పంతులు గారు విసుక్కున్నారు. విసుక్కుంటూనే గురువారం ఎన్నింటికి రమ్మంటారు అని అడిగారు. పదింటికి!

మూడోసారి చెప్పాల్సినవాళ్ళు:

మంగినపూడి అక్క, బావ. (బావ తిడతాడు. తిట్టనీ.)

పెదపారుపూడి వియ్యంకుడుగారు, వియ్యపురాలు.

పాలకాయతిప్ప బాలస్వామి మావయ్య. నడవలేడు, ఆటో పంపాలి.

నాగాయలంక మేనత్త. చెవుడు. గురువారం అని గట్టిగా.

వెంకట్. దారిలో ఉన్నాడు. వాడికింకా తెలీదు.