నాయనా, అది పెద్ద మోడలే

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఊళ్లోకి నువ్వు తెచ్చిన మొదటి ట్రాక్టర్ చెడిపోతే, దానికి విడి సామాను ఏది తెచ్చినా పట్టలేదు. తుక్కు కింద అమ్మేద్దామన్నాడు అన్న. చిన్న మోడలును పెద్దదని చెప్పి నీకు అంటగట్టారని పుప్పాలగూడ అంతా అనేది. నేనూ అదే అనుకున్నాను.

నిన్న లింగంపల్లి మెకానిక్ వచ్చి ఇంజను పక్కనున్న మడ్డి గీకితే, అచ్చుపోసిన నంబరు బయటపడింది.

"ఇది పెద్ద మోడలే. పైన పేరున్న రేకు ఒక్కటే చిన్నదానిది. అది చూసి తెచ్చిన సామాను ఎట్ల పడ్తది? ఇగ ఫికర్ చేయకుండ్రి," అన్నాడు.

"మీ నాయన గదే మొత్తుకుంటుండె," అంది అమ్మ.

ఈ రోజు సరైన సామాను బిగించగానే బండి కదిలింది. సాయంత్రానికల్లా అన్న చెలకంతా దున్నేశాడు. నిన్ను నమ్మనందుకు క్షమించు. నువ్వు పోయాక ఇన్నాళ్లకు అమ్మ మారు అన్నం అడిగి పెట్టించుకుంది.

నీ బిడ్డ